సున్నా వరుస

పదకొండు లక్షల వరుసలు.
పాల ట్రేల్లా ఒకదాని మీద ఒకటి.
బూత్ నంబరు, ట్రేలు, రూపాయలు, దించిన వేళ.
నెల అనేది వాటిలో ఎక్కడా లేదు.
నెలని మేం గీస్తాం.
నిమిషాల్ని కోసి, గంటల్ని కోసి, రోజుని కూడా కోసి
మిగిలిన ముక్క మీద పేరు రాస్తాం: మే.
ఆ పేరు కిందికి చేరినవన్నీ కూడి
అడుగున ఒక గీత, గీత కింద ఒక అంకె.
ఆ అంకెను బట్టే కమీషను.

ఉప్పల్ ఆఫీసు, మూడో అంతస్తు.
అండాలు మెట్లెక్కే వచ్చింది, లిఫ్టుని నమ్మదు.
చిలకలగూడ బూత్, నూట పద్నాలుగు.
రబ్బరుబ్యాండు తీసి నోటుబుక్కు
నా కీబోర్డు మీదే పరిచింది.
"ఒకటో తారీకు పాలు ఎటువోయినయ్ బిడ్డా?
ఫంక్షన్ హాల్ల పెళ్లి. నలభై ఒక్క ట్రే దించుకున్న.
మీ కాయితంల లెవ్వు."
సిస్టంలో తప్పు ఉండదమ్మా, అన్నాను
అలవాటుగా.
ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమె లెక్క తొమ్మిది వందల ఎనిమిది.
మాది ఎనిమిది వందల ఎనభై అయిదు.
తొమ్మిది వందలు దాటితే రేటు మారుతుంది.

ఒక్కో వరుస తెరిచి చూశాను.
లారీ ఆమె బూత్ ముందు ఆగేది తెల్లవారుజాము నాలుగూ పదికి.
మా సర్వరు గడియారం మాత్రం
మనకన్నా అయిదున్నర గంటలు వెనక.
దానికి అది ఇంకా నిన్న రాత్రి, పది నలభై.
చీకట్లో ట్రేలు మోసిన ప్రతి పొద్దునూ
ఇన్నాళ్లూ నిన్నటి ఖాతాలోనే వేశాం.
నెల మధ్యలో ఎవరికీ తెలియలేదు,
అంచు దగ్గర తెగింది.
ఆమె పెళ్లి పాలు ఏప్రిల్లోకి జారాయి,
లారీ చెడి పద్దెనిమిది ట్రేలే వచ్చిన జూన్ ఒకటి
మేలోకి వచ్చి కూర్చుంది.

కోసే ముందు అయిదున్నర గంటలు కలపాలి.
ఒక్క పంక్తి.
తొమ్మిది వందల ఎనిమిది.

లేవలేదు.
"నిరుటియి గూడ సూపియ్యి."
జులై, ఆగస్టు, సెప్టెంబరు, నవంబరు.
ఆమె వేలు ఆగింది.
"నడుమ ఒక నెల మింగింది మీ మిషన్."

మింగలేదు. ఆ నెలలో ఆమెది ఒక్క వరుసా లేదు.
వరుస లేకపోతే గుంపు లేదు,
గుంపు లేనిదే మొత్తం లేదు.
సున్నా రావాలన్నా ఎవరో ఒకరు రావాలి.
ఎలా చెప్పాలో తెలియక అదే చెప్పాను.
"అవ్ లే. గాంధీ దవాఖానల ఉంటిమి, నేనూ మా ఆయినా.
బూత్ తెరవలే." కాసేపాగి,
"మూసిన నెల గూడ నెలనే గదా.
కిరాయి కట్టిన."

అప్పుడు ఇంకో పట్టిక చేశాను.
అందులో నెలలు తప్ప ఏమీ లేవు,
పదేళ్లకు నూట ఇరవై,
ఎవరు వచ్చినా రాకున్నా వరసగా.
ముందు వాటిని నిలబెట్టి
ఆ తర్వాత పక్కన పాలు పెట్టాను.

అక్టోబరు. 0.

నోటుబుక్కు తిప్పింది.
సెప్టెంబరుకీ నవంబరుకీ నడుమ ఒక పేజీ,
పైన శ్రీ,
కింద ఏమీ లేదు.
స్క్రీనూ పేజీ రెండూ ఒకసారి చూసుకుని
"ఇగ కలిసింది" అంది,
రబ్బరుబ్యాండు వేసింది.