తొమ్మిదో గీత

గడియారం సెంటర్ల గడియారం
మొన్నటి సంది సరిగ్గ నడుస్తున్నది.
ఎన్నేండ్లు పన్నెండుంబావు కాడ పండుకున్నదో,
టైమెంతని ఎవరన్న అడిగితె
మేం ఎండను చూసి చెప్పేటోళ్లం.
ఇప్పుడు నిచ్చెనేసి లేపిండ్రు.
రాష్ట్రం పిల్లగాండ్లంత ఉరికేటందుకు
మా నల్లగొండకొస్తున్నరు, మూడొద్దులు.
సెకండును నూరు ముక్కలు చేసి లెక్కబెడ్తరట,
ఊరి గడియారమే నిలబడి ఉంటె ఏం ఇజ్జత్?

పేపరోళ్లు అథ్లెటిక్ మీట్ అని రాసిండ్రు.
సోడాబండి జహంగీరు మాత్రం
"ఒలింపిక్స్ అన్నా, మన ఒలింపిక్స్" అంటడు.
బండికి అయిదు రింగులు గీయించిండు.
అయిదోదానికి జాగ చాలక
అది సగం కోసిన బత్తాయిపండయింది.
నవ్విన.
ఇంటికి పోయినంక సైదమ్మతోని
నేను గూడ గదే మాటన్న.

ఫంక్షన్ హాళ్లల్ల పరుపులు దిగుతున్నయి.
ప్రకాశం బజార్ల ఒక పెండ్లి
జాగ లేక వచ్చే నెలకు జరిగింది,
పెండ్లికొడుకు రోజూ వచ్చి గ్రౌండు గేటు కాడ నిలబడ్తడు,
కోపానికో, చూసేటందుకో తెల్వది.
దేవరకొండ రోడ్డు మీద గుంతలు పూడ్చిండ్రు,
ఆటోలోళ్లు అలవాటుకొద్దీ ఇంకా వంకర్లు తిప్పుతనే ఉన్నరు.

నా పని సున్నం.
ఉరికేటోళ్లకు బాటలు గీసుడు.

మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన కాళ్లు నావి.
ఎడమకాలు హైదరాబాద్ రోడ్డంటె
కుడికాలు సాగర్ రోడ్డంటది,
మోకాళ్లు రెండు నడుమల కలిసి రాజీ పడ్తయి.
బళ్లె పరుగుపందెమంటె
అందరి చెప్పులకు కావలి నేను.
గసొంటి నన్ను పట్టుకొని సుగుణాకర్ సారు అడిగిండు:
"భిక్షం, గీత తిన్నగ రావాలె. వస్తదా?"
"వంకర కాళ్లకే సార్, కండ్లకు గాదు."

తెల్లారగట్ల నాలుగింటికి పోత.
లతీఫ్ సాబ్ గుట్ట మీద ఒక్క లైటు మేలుకొని ఉంటది.
మేకులు కొట్టి, నైలాను దారం గుంజి,
డబ్బ అడుగున బొక్కలల్లకెళ్లి సున్నం రాల్చుకుంట
దారం వెంట పోత.
మలుపు కాడ దారం పనికిరాదు.
ఆడ కూసొని దేకుత, చేత్తోని ఇడుస్త.
రెండు వేళ్ల సందుల నుంచి ఎంత జారాలెనో
సైదమ్మ నేర్పింది, వాకిట్ల ముగ్గేసుకుంట.

మున్సిపల్ ట్యాంకరు రోజుకు మూడుసార్లు
ఆ మట్టిని తడుపుతది. కృష్ణ నీళ్లు.
మట్టి గుటగుట తాగుతుంటె
డబ్బ కింద పెట్టి చూస్త.
నలబై ఏండ్ల కిందనే గీ నీళ్లు...
పోనియ్. ఇయ్యాల గా ముచ్చట వద్దు.

బాటలు ఎనిమిది, గీతలు తొమ్మిది.
ఈ లెక్క మొదటిరోజు సమజ్ కాలే,
ఒక గీత ఎక్కువ గీసిన్ననుకొని చెరపబోయిన.
సారు ఉరికొచ్చి ఆపిండు:
ఎనిమిదో పిల్లకు గూడ అవతల ఒక అంచుండాలె గదా!
ఆ అంచుకు ఇవతలనే నా జాగ.
రేపు జెండా ఊపంగ నేను నిలబడేది గాడనే,
ఖుర్చీలు వేసినా కూసోను.

నిన్న పొద్దుగాల చందంపేట నుంచొచ్చిన పిల్ల,
నేనావత్ రజితనట,
ఉత్తకాళ్లతోని గీత తొక్కుకుంట ఉరికింది.
"ఏయ్" అందామని నోరు తెరిచేసరికి
మలుపు దాటింది.
ఎర్రమట్టిల ఆమె అడుగులు:
మొదటిది సున్నమంత తెలుపు,
రెండోది పల్చటి మజ్జిగ,
నాలుగోదానికి వేళ్లే ఉన్నయి,
ఆరోది ఎంత వెతికినా దొరకలే.

తొక్కిన గీతను మల్ల గీసిన.
అడుగులను మాత్రం ముట్టుకోలే.
ట్యాంకరు డ్రైవరుకు చెప్పిన,
సాయంత్రం దాంక గా పక్క తడపకు అని.