ఎరుపు దాటింది

మా చేపలకి కారం తెలియదు.
పుట్టుకతోనే ఆ తలుపు వాటికి లేదు.
అందుకని ఎలుక దగ్గర ఒక జన్యువు అరువు తెచ్చి
గుడ్డులోనే పెట్టాం.
ఐదో రోజుకి ఈదుతాయి,
చీపురుపుల్ల తుంపంత, గాజంత తేట,
గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది.

నీళ్ళలో కలిపింది మిరప ఘాటుకి వరసయ్యే మందు.
నడుమ మడతబందు బిగించిన అణువు.
చీకట్లో నిటారుగా ఉంటుంది, ఏ తాళంలోనూ పట్టదు.
ఊదా కాంతి పడిందా,
నడుం వంచి లోపలికి దూరుతుంది.
తోక టపటపా కొట్టుకుంటుంది.
నీలం వేస్తే మళ్ళీ లేచి నిలబడుతుంది,
చేప ఏమీ జరగనట్టు ఓ మూలకి పోతుంది.

నా పని లెక్క రాయడం.
ఊదా: పదిలో తొమ్మిది. నీలం: సున్నా.
ఊదా: తొమ్మిది.
కదలని ఆ ఒక్కదాని మీద నాకెందుకో గౌరవం.
నొప్పి ఆర్పడం నేర్చుకోవాలంటే ముందు వెలిగించాలి,
అంటుంది మా మేడమ్. నిజమే కావచ్చు.
మీట మాత్రం నా బొటనవేలి కింద ఉంది.
రాత్రి అన్నం కలిపేటప్పుడు
ఆ వేలు కాసేపు ఆగుతుంది.

నా గది గుంటూరులో, ఏటుకూరు రోడ్డు మీద.
కింది వాటా మస్తానమ్మ పిన్నిది.
కోల్డ్ స్టోరేజీ వసారాలో తేజా కాయలకి తొడిమలు తీస్తుంది,
కిలోల లెక్క.
ఇంటికొచ్చి గిన్నెడు మజ్జిగలో చేతులు ముంచి కూర్చుంటుంది,
దురద పుట్టిన ముక్కుని భుజానికి రాసుకుంటూ.

"మీ చేపకి లైటేస్తే మంట పోద్దా?"
పోద్ది.
"మరి నాకూ వెయ్యి."

చెప్పాను. చేప గాజు, నువ్వు కాదు పిన్నీ.
ఆ వెలుగు చర్మం గడప దగ్గరే ఆగిపోద్ది.
పైగా నీది పండిన కారం,
మాది చేసిన కారం, మాట వినేది.

"మాట వినేదాన్నే తెచ్చుకున్నారన్నమాట," అంది.
మజ్జిగలో పడ్డ చీమని చిటికెనవేలితో తీసింది.

కరెంటు పోయింది.
నా ఫోను టార్చి కళ్ళల్లో పడుతోందని
దాని మీద అరచెయ్యి మూసింది.
వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ చిట్లిన చోట్లు
అన్నీ నిప్పుకణికల్లా వెలిగాయి.

ఊదా ఆగింది. నీలం ఆగింది.
ఎరుపు దాటింది.

ఎరుపుకి వంగే బందు ఒకటి
ఎవరైనా, ఎప్పుడైనా...

"కదపకు పిన్నీ," అన్నాను.

"ఎంతసేపు?
చెయ్యి మండతా ఉంది."