మిగిలిన నాలుగు బోల్టులు

గుత్తి బైపాస్ పక్కన, లారీ కమాన్లు అతికే షెడ్డులో
టార్పాలిన్ ఎత్తి చూపించినాడు దాదా ఖలందర్.
కింద, తలుపుల్లేని ఒక పసుపు రంగు.
నా నడుము దాకా కూడా రాదు.
"కూచో మేడమ్" అన్నాడు.
కూచోవడం కాదది, దిగడం.
ముందు కాలు, తర్వాత నడుము,
ఆఖర్న మర్యాద.

నాక్కావాల్సింది రోజూ తిరిగే బండి.
పొద్దున్నే పామిడి, ఆడినుంచి పల్లెలు,
టీకాల ఐసుపెట్టె, గమ్‌బూట్లు,
ఎనుముల చెవులకేసే బిళ్ళల సంచి.
డీజిల్‌ది చూడు, డిక్కీ ఉండేది చూడు,
రేపు అమ్మితే కొనేవాడుండేది చూడు,
అని సుంకన్న మూడు మాటలు చెప్పి పంపినాడు.
మూడూ నిజాలే.
మూడింటికీ తలూపి
ఈడికొచ్చినా.

ఎద్దును కొంటే పండ్లు చూస్తారు.
దీనికి యాడ చూడాల?
టార్చి పట్టుకుని కిందికి దూరినా.
గొట్టాల చట్రం, అతుకతుక్కీ వెల్డింగు,
కొన్ని చీమల బారు మాదిరి సన్నగా,
కొన్ని ఎండిన పిడక మాదిరి.
"సన్నవి నావి. లావువి మా మామవి,
కండ్లు మసకబారినాక చేసినాడు.
ఇంతవరకూ ఊడనివి అవే."

ఆవు డొక్క మీద వేలితో తట్టి వినే అలవాటు నాది.
సుత్తి పిడితో తట్టుకుంటా పోయినా.
వెనక చక్రం దగ్గర శబ్దం బోలుగా పలికింది.
రూపాయి బిళ్ళంత తుప్పు.
"కనుక్కుంటావా లేదా అని చూస్తాండా" అన్నాడు,
సిగ్గు లేదు ఆ మొహంలో,
పరీక్ష పెట్టిన అయ్యవారి సంతోషం తప్ప.

ఇంజను పాత మారుతి వ్యానుది.
దీపాలు యాడో బుల్లెట్‌వి.
మిగిలిందంతా కోయంబత్తూరు నుంచి
మూడు చెక్కపెట్టెల్లో వచ్చిందంట.
బిగించడానికి ఏడేండ్లు.
కూడా వచ్చిన పుస్తకంలో పదమూడో పేజీ ఎలుకలు తిన్నాయంట.
"ఆ ఒక్క పేజీ మాత్రం నేనే ఊహించుకున్నా మేడమ్."
ఏముండె ఆ పేజీలో?
"బ్రేకులు."

ఆర్సీలో ముద్రలు మూడుసార్లు చూసినా.
రేడియేటర్ మూత తిప్పి చూసినా, మే నెల గుర్తొచ్చి.
పైకప్పు యాడ అని అడిగినా.
"లేదు."
వానొస్తే?
గట్టిగా నవ్వినాడు.
"మన జిల్లాలో వానొస్తే
ఎవరన్నా కప్పు కింద కూచుంటారా?"

రోడ్డెక్కించినా.
లారీ చక్రాల నట్లు లెక్కపెట్టేంత దగ్గర.
స్పీడు బ్రేకరు దగ్గర అడ్డంగా తిప్పి,
ముందొక చక్రం, వెనకొక చక్రం,
కాళ్ళనొప్పుల ముసలమ్మ మెట్లు దిగినట్టు దించినా.
పదమూడో పేజీ రెండుసార్లు తొక్కినా.
పట్టింది.
గాలి నా కొంగుని తీసుకపోయి
వెనకొచ్చే ఆటోవాడికి చూపించింది.

పెద్దవడుగూరు దోవలో గొర్రెల మంద అడ్డమొచ్చింది.
ఆపినా.
జీపులో ఉంటే వీపులే కనిపించేవి, ఉన్ని, దుమ్ము.
ఇప్పుడు ఒక గొర్రె మొహం
నా మొహానికి ఎదురుగా నిలబడింది.
ఎడమ ముక్కు కారుతోంది.
నాలుక అంచున నీలం ఛాయ.
దిగకుండానే, స్టీరింగు మీద చెయ్యి తీయకుండానే
చూసినా.
మందవాడు కర్ర ఆనించి
నన్ను కాదు, బండిని చూస్తాండాడు.
"ఇది ఎన్ని లీటర్లిస్తుంది?" అన్నాడు.
పాలు అనుకున్నాడో, పెట్రోలు అనుకున్నాడో.

తిరిగొచ్చి బేరమాడినా.
తుప్పుకు ఐదువేలు, లేని కప్పుకు మూడు తగ్గించినాడు.
ఊహించుకున్న బ్రేకులకు మాత్రం
ఒక్క రూపాయి తగ్గించనన్నాడు.

డబ్బు లెక్కపెట్టుకుని,
మేకుకు తగిలించిన చిన్న గుడ్డమూట తీసి చేతిలో పెట్టినాడు.
విప్పితే నాలుగు బోల్టులు,
నూనె పూసి ఉన్నాయి, మెరుస్తాండాయి.
"అంతా బిగించినాక ఇవి మిగిలినాయి.
యాడివో ఇంతవరకూ తెలీలేదు.
ఏదన్నా ఊడితే, అప్పుడు తెలుస్తుంది."

ఐసుపెట్టెకు పక్క సీటు బెల్టు కట్టినా.
మూట డాష్‌బోర్డు మీద పెట్టినా.
ఇంటికి పోయేదాకా గలగలమంటానే ఉండె.
సుంకన్న వాకిట్లోకొచ్చి
డిక్కీ యాడ అని వెతుకుతాండాడు,
ఇంకా వెతుకుతానే ఉండాడు.