మీటరు పెట్టె కింద

గ్రీమ్స్‌పేటలో మా మీటరు పెట్టె కింద
కందిరీగలు కాపురం పెట్టాయి.
అడ్వాన్సు లేదు, బాడుగ లేదు.

రీడింగు తీసే ఢిల్లీబాబు గేటు దాటలేదు,
"పోయిన నెల బిల్లే ఏసేస్తాలేక్కా" అన్నాడు.

మొగిలప్ప కట్టెకు గోనెపట్ట చుట్టి
సీమనూనెలో ముంచి
గోడకానించాడు:
"పొద్దు గూకనీ. అన్నీ ఇల్లు చేరనీ."

ఆ గంటసేపూ పని లేక చూశాను.
ఒకటి వచ్చి మా వాకిలి తలుపు మీద వాలింది.
పెయింటు ఊడినచోట గీరుతోంది,
చెవి పెడితే గరగరా,
సిరా అయిపోయిన పెన్నుతో
ఎవరో పట్టుబట్టి రాస్తున్నట్టు.
నమిలి, ఎంగిలితో తడిపి,
బూడిదరంగు ఉండ చేసి ఎత్తుకుపోయింది.
ఆ గూడంతా మా తలుపేనన్నమాట!

మొగిలప్పకు చెప్పలేదు.
చెప్తే నవ్వుతాడు.

మెయిన్ ఆపాం.
ఒక్క మంట. కాగితమే కదా,
అయిపోయింది.
మోచేతి మీద ఒకటి బాకీ తీర్చుకునే పోయింది;
మొగిలప్ప ఆకువక్క సంచిలోంచి సున్నం తీసి రాశాడు.

తెల్లారి ఢిల్లీబాబు దర్జాగా వచ్చి
అంకెలు రాసుకుంటున్నాడు.

రాత్రి ఎక్కడ ఆగిపోయిందో ఒకటి,
గోడమీది మసి చుట్టూ తిరుగుతోంది,
నోట్లో
మళ్లీ మా తలుపు ముక్క.