గరుకు

నాగావళి వరద దిగిపోయిన మూడో నెలకి
బూర్జ దాటాక, ఇసక మేట వేసిన చెక్కలో
ఎవరూ చల్లని పంట ఒకటి లేచింది.
సూరీడమ్మప్ప కబురెట్టింది:
"ఓపాలి వచ్చి సూడమ్మా, ఏటో పచ్చపూల దెయ్యం."

నేను రైతు సేవా కేంద్రం మనిషిని.
చేతిలో ఫోను, సంచిలో ఫారాలు,
కాళ్లకి ఈ నేలకి పనికిరాని చెప్పులు.

ఆకు మీద తెల్లటి ఈనెలు,
ఎవరో సున్నం వేలితో గీసినట్టు.
అంచుకి ముళ్లు. కాడకి ముళ్లు. మొగ్గకీ ముళ్లే.
పువ్వు మాత్రం గాలి తగిలితే చిరిగేంత పల్చన.
కాడ తుంచితే పసుపు నీళ్లలాంటి పాలు.
బలురక్కసి, అని రాసుకున్నాను.

ఆమె నా కాయితం వైపు చూడలేదు.
ఎండిన కాయొకటి అరచేతిలో దులిపింది.
ఆవాలు, అన్నాను, నోరు జారి.

"ఆవాలే అనుకున్నాం మేమూనూ."

ఊళ్లో గానుగ మూతపడ్డ ఏడు
సంతలో విడినూనె కొన్నారట.
తమ్ముడు దాలినాయుడికి కాళ్లు వాచాయి.
నొక్కితే వేలు దిగి, ఆ గుంట అలాగే ఉండేదట.
"తర్వాత?" అన్నాను.
జవాబు లేదు. నా వేలు లాగి
గింజ మీద రాపాడించింది.
"ఆవగింజ జారిపోతాది. ఇది పట్టుకుంతాది."

మర్నాడు మంచు ఆరకముందే దిగాం, ఆరుగురం.
తడి మీద ముల్లు కాస్త మెత్తన;
అది నా పుస్తకంలో లేదు.
చేతికి గోనె చుట్టి, బొరిగె తల్లివేరు కిందకి.
పూత మీదున్నవి పీకి గట్టున పరిచాం.
కాయ పండినవాటిని మాత్రం ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు.
సంచి నోరు కింద పట్టి,
తాటిచెట్టు మీంచి నిండు కల్లుకుండ దించినట్టు
ఒక్కోటీ వంచింది.
అయినా ఒక కాయ ఒలికింది.
మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద ఇసక ఏరుతూనే ఉంది.

ఫారంలో గడి: నిర్మూలన పూర్తయిందా?
అవును. కాదు.
"వచ్చే పుష్యానికి రా," అంది, కొంగు దులుపుకుంటూ,
"ఆ పై పుష్యానికీ."
గడి వదిలేసి సంతకం పెట్టాను.

రాత్రి ఆమదాలవలస అద్దెగదిలో
పోపు పెట్టబోతూ
డబ్బాలోంచి చిటికెడు తీసి నలిపాను.
జారాయి.
మళ్లీ నలిపాను.
మూకుట్లో నూనె పొగలొస్తోంది.