పులిపిరి

ఈహ అరికాల్లో, మడమకి కాస్త పైన,
శనగబద్దంత.
మధ్యలో మూడు నల్లచుక్కలు.
"దీన్ని పులిపిరి అంటారు" అన్నాను.
"లోపల పులి ఉందా?"
ఏడేళ్లది. ఏ మాటనీ ఊరికే పోనివ్వదు.
"ఉంది. చిన్నది. పిరికిది."
పులి, పిరికి.
సరిపోయిందనుకుంది.

బల్లారట్‌లో జూలై.
ఆరేసిన చొక్కా తీగ మీదే గడ్డకట్టి
అట్టముక్కలా నిలబడే రోజులు.
ఈతకొలనులో అంటుకుని ఉంటుంది అంది డాక్టరు,
తడి నేల మీద ఏ పాదం నుంచో ఈ పాదానికి.
"ఏమీ చెయ్యకపోయినా పర్లేదు,
ఏడాదికో రెండేళ్లకో అదే పోతుంది."
ఏడాదికో రెండేళ్లకో!
నా బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే
కంప్లయింటు రాసే ఊరు ఇది.

మందుల షాపులో చిటికెన వేలంత సీసా ఇచ్చారు.
ఇక రోజూ అన్నాలయ్యాక నీలం బకెట్టు,
మోచెయ్యి ముంచి చూసుకున్న గోరువెచ్చని నీళ్లు,
పాదం నానేదాకా ఎక్కాలు.
పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరం తడబడతాం,
ఆలోగా నీళ్లు చల్లారతాయి.
తెల్లబడ్డ చర్మాన్ని ఆకురాయితో మెల్లగా గీకి,
చుట్టూ వాజిలిన్ గట్టు పోసి
నడుమ ఒక్క చుక్క మందు.
గట్టు తెగిందా, పక్క పొలం భగ్గుమంటుంది.
పైన వెండిరంగు టేపు,
మా కారు బంపరుకి వేసిందే.
దాని తువ్వాలు వేరు, దాని ఆకురాయి వేరు,
దాని చెప్పులు వేరు.
ఇంట్లో ఇంత మర్యాద ఏ చుట్టానికీ జరగలేదు.

వసుంధర నైట్ డ్యూటీ దిగి వచ్చి
నిద్రపోతున్న పాదాన్ని లైటు కింద తిప్పి చూసి
ఏమీ అనకుండా పడుకునేది.

ఆరో వారానికి పక్కనే ఇంకొకటి.
"పులికి పిల్ల పుట్టింది నాన్నా."

అప్పుడు నోరు జారాను.
తెనాలిలో నా మోచేతికి లేచినప్పుడు
మా పెద్దమ్మ జట్కా మస్తాన్‌ని బతిమాలి
గుర్రం తోకలోంచి వెంట్రుక తెచ్చి బిగించి కట్టింది.
పులిపిరి ఎప్పుడు రాలిందో గుర్తులేదు.
వెంట్రుక పీకినప్పుడు ఆ గుర్రం
వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు గుర్తుంది,
చేసింది నేనే అన్నట్టు.

ఆదివారం లొరెయిన్ గారి కంచె దగ్గర నిలబడ్డాం.
తెలుగులో సబబుగానే ఉన్న మాట
ఇంగ్లీషులో నోరు దాటేసరికి
పిచ్చివాడి మాటైపోయింది.
ఆవిడ నవ్వలేదు.
వాళ్లమ్మ బంగాళాదుంప చెక్కతో రుద్ది
ఆ చెక్కని పెరట్లో పాతిపెట్టేదట.
"పోయిందా?" అంది ఈహ.
"ఏమో. ఆ ఏడు దుంపలు మాత్రం బాగా ఊరాయి."
బ్రష్షుకి చిక్కుకున్న వెంట్రుకొకటి లాగి ఇచ్చింది,
గోధుమరంగుది, మూరెడు.

అరికాలికి వెంట్రుకెలా కడతాం?
అది లెక్కల పుస్తకంలో చేరింది,
పదమూడో ఎక్కం పేజీలో.

మళ్లీ గీకాం, చుక్క వేశాం, టేపు మార్చాం.
మండుతోందంటే రెండు రోజులు ఆపాం.
నేను విసుక్కున్న రాత్రులున్నాయి.
బకెట్టు తన్నేసి పరిగెత్తిన రాత్రి
కార్పెట్ అంతా తడి పాదాల ముద్రలు,
ఒక్కో ముద్రలో ఒక్కో గుండ్రటి ఖాళీ.

అక్టోబరులో సాక్సు విప్పుతూ "నాన్నా" అంది.
గీతలు.
తెగిపోయిన చోట అరికాలి గీతలు
ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్లీ కలిశాయి.
ఏ రోజు పోయిందో ముగ్గురిలో ఎవరం చూడలేదు.
సీసాదా పుణ్యం, టేపుదా,
ఏమీ చెయ్యొద్దన్న డాక్టరుదా?
గుర్రానిదే అని ఈహ.

నిన్న డిపోలో చేతులు కడుక్కుంటుంటే
నా బొటనవేలి పక్కన, స్టీరింగు ఒరుసుకునే చోట,
శనగబద్దంత.

బకెట్టు అదే తెచ్చింది.
మోచెయ్యి ముంచి చూసింది,
కుళాయి ఇంకాస్త తిప్పి మళ్లీ ముంచింది.
"మండితే చెప్పు" అంటూ నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టింది.
"ఊఁ, పదమూడు నుంచి మొదలెట్టు."