పదకొండు సెకన్లు

సోమవారానికల్లా ఒక సబ్జెక్టును తెచ్చుకోండి అన్నారు సారు.
సబ్జెక్టంటే ఇక్కడ పాఠం కాదు, మనిషి.
అందరూ రూమ్మేట్లను పట్టుకున్నారు.
నా రూమ్మేటు ఫర్హీన్
"నా మనసు నీకెందుకు చూపిస్తానే" అని
దుప్పటి ముసుగేసుకుంది.

మెస్సులో చపాతీలు ఒత్తే మల్కవ్వను అడిగాను.
"సూదులుంటయా?"
"లేవు, ఉత్త మాటలే."
"మాటలా. సూదులే నయముండె" అంది,
అయినా వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి ఆర్ట్స్ కాలేజీ రాయి
ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
లోపల ల్యాబు మాత్రం చల్లగా,
కొంచెం గబ్బిలాల వాసనగా.
అద్దాల బీరువాలో తిరగడం మానేసిన జ్ఞాపకాల డ్రమ్ము,
ఎవరో ఎవరి పేరో చెక్కి వెళ్లిపోయిన బల్ల.
మల్కవ్వ కుర్చీ అంచున కూర్చుంది,
బస్సులో సీటు దొరికాక
దిగాల్సిన స్టాపు వచ్చేసినట్టు.

నేనొక మాట అంటాను,
మొదట తోచిన మాట నువ్వు అనాలి.
స్టాప్‌వాచ్ నొక్కాను.

ఉప్పు – పప్పు. ఒకటిన్నర.
నీళ్లు – ట్యాంకరు. ఒకటి.
రాత్రి – డ్యూటీ. రెండు.
సూది – నవ్వి, నువ్వే. రెండుంపావు.
తలుపు –

తలుపు.

ఫ్యాను తిరుగుతోంది.
బయట ధర్నాకు ఎవరో మైకు సరిచూస్తున్నారు,
హలో, హలో, వన్, టూ.
ఆమె బొటనవేలు నేల మీద ఏదో రాసి
దాన్నే చెరిపింది.
పదకొండో సెకనులో
"ఇంకోటి అడుగు బిడ్డా."

గడిలో రాశాను: తలుపు, పదకొండు, జవాబు లేదు.
పక్కన ఒక చుక్క, పెట్టమన్న చోట.
చుక్క కింద "భావసంఘర్షణ సూచన".
సారు ఎర్రసిరాతో సంతకం పెట్టారు,
ఇరవైకి పద్దెనిమిది.
ఆ రెండూ మార్జిన్ కొట్టనందుకు.

ఏం చదువుతున్నావని అడిగి
తార్నాక ఆటోవాలా అద్దంలోంచి నవ్వుతాడు,
"అయితే ఎర్రగడ్డకు పోనియ్యాల్నా మేడం?"
పెళ్లిలో మా మేనత్త అరచెయ్యి చాపుతుంది,
నేను గీతలు చదివేదాన్నైనట్టు.
ఇంకొందరు నా ఎదురుగా కూర్చోరు,
చూసేస్తానేమోనని.
మూడో సెమిస్టరు.
ఇంకా ఏమీ కనబడటం లేదని ఎవరికి చెప్పను?

మనసెక్కడుందంటే
క్లాసులో వేలు తల దగ్గరికి పోతుంది.
మల్కవ్వ పొట్ట మీద చెయ్యేసుకుంది.
"అన్నీ ఈడనే పెట్టుకుంటం."
కడుపులో పెట్టుకోవడానికి
నా లావుపాటి పుస్తకం వెనక పట్టికలో
పేజీ నంబరు లేదు.

రెండో సిట్టింగుకు ఆమె రాలేదు.
చెల్లెలి కొడుకు ఈశ్వర్‌ని పంపింది,
ఇంటర్‌లో లెక్కలు పోయినవాడు,
కూర్చోగానే ఫోను జేబులో పెట్టి సిద్ధమన్నాడు.
తలుపు – కిటికీ.
ఒక్క సెకను కూడా పట్టలేదు.
ఎంత ఆరోగ్యంగా ఉంది జవాబు!
నాకెందుకో వాడి మీద కోపం వచ్చింది.

డిసెంబరులో ఒక రాత్రి, మెస్సు మూసే వేళ,
పళ్లెం కడుగుతుంటే వెనక నుంచి అంది:
"ఇగ నువ్ జెప్పు. తలుపు."

కుళాయి పారుతోంది.
గడప బయట నేను పెట్టి వచ్చిన పళ్లెం,
మీద చీమలు పట్టిన ఉప్మా,
లోపల గొళ్లెం,
గొళ్లేనికి అటువైపు అక్క,
మూడో రోజు.
ఇందులో మాట ఏది? ఏది మొదట తోచింది?
నోరు తెరిచాను,
కుళాయి కట్టడం మరిచిపోయాను.

మల్కవ్వ దగ్గర వాచీ లేదు.
స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ నిలబడింది.
అన్నీ అయిపోయాయి.
నా వైపు చూడకుండా
దొంతరంతా మళ్లీ విడదీసి
మొదటి గిన్నె అందుకుంది.